రంగు వెయ్యని సైకిలు: టైటానియం రోడ్ బైక్ కొలిచి, చేయించి, బిగించి, నలుగురికీ చూపించడం ఎలా

పెట్టె విప్పి ఫ్రేము బయటికి తీయగానే మా అమ్మ అన్న మొదటి మాట: "ఇంత డబ్బు తీసుకుని రంగు కూడా ఎయ్యకుండా ఇచ్చీసారేట్రా?"

ఒడిశాలోని మా బరంపురంలో టైటానియం సైకిలు కొనాలనుకునేవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. కార్బన్ సైకిలైతే నిగనిగలాడుతుంది, పెద్ద పెద్ద అక్షరాలుంటాయి, చూసినవాళ్లకు ఖరీదైనదని అర్థమవుతుంది. టైటానియం బూడిద రంగులో, ఇంకా పెయింటు షాపుకి వెళ్లని గేటులా ఉంటుంది. దాని గొప్ప తెలియాలంటే ఎత్తి చూడాలి, లేదా పదేళ్లు ఆగాలి. ఈ రెండింటికీ ఒప్పుకున్నవాళ్ల కోసమే ఈ మార్గదర్శి. మన దగ్గర దీన్ని రోజూ ముట్టుకునే మెకానిక్‌లు లేరు. అందుకే కొలత దగ్గర్నుంచి చివరి బోల్టు దాకా మనమే తెలుసుకోవాలి.

ముందు ఆ లోహం సంగతి

మనకూ టైటానియానికీ చుట్టరికం ఉంది. బరంపురం నుంచి ఛత్రపూర్ వెళ్తే అక్కడ ఐఆర్ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల ఇసుక ఖనిజాల కర్మాగారం కనిపిస్తుంది. సముద్రపు ఇసుకను తవ్వి, అందులోని బరువైన ఖనిజాలను వేరు చేస్తారు. గోపాల్‌పూర్ ఒడ్డున అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి, చూసే ఉంటారు. ఆ నలుపులో ఇల్మనైట్ ఉంటుంది. అంటే ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే పాస్టరు ఈ మూలకాన్ని మొదట పసిగట్టింది కూడా ఇలాంటి నల్ల ఇసుకలోనే.

తమాషా ఏమిటంటే, ప్రపంచంలో తవ్వే టైటానియం ఖనిజంలో ఎక్కువ భాగం లోహం కాదు. తెల్లటి పొడిగా మారి పెయింట్లలోకి పోతుంది. అమ్మ అడిగిన రంగూ, రంగు లేని ఈ సైకిలూ ఒకే ఇసుక బిడ్డలన్నమాట. ఈ మాట చెప్తే ఆవిడేమీ మెత్తబడలేదు, అది వేరే సంగతి.

ఖనిజాన్ని లోహంగా మార్చడం కష్టం. క్లోరిన్‌తో కలిపి ద్రవంగా చేసి, దాన్ని మెగ్నీషియంతో విడగొట్టాలి. అదంతా గాలి తగలకుండా జరగాలి. దీన్ని క్రోల్ పద్ధతి అంటారు. ధర ఎక్కువ కావడానికి సగం కారణం ఇదే. మిగతా సగం వెల్డింగు. దాని గురించి తర్వాత చెప్తాను.

సైకిలు ఫ్రేములకు రెండు రకాల మిశ్రమాలు వాడతారు. గొట్టాలకు ఎక్కువగా గ్రేడ్ 9, అంటే 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం కలిపినది. ఇరుసు కూర్చునే డ్రాపౌట్ల లాంటి చోట్ల గ్రేడ్ 5, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం. ఇది గట్టిది, కానీ దీన్ని సన్నటి గొట్టంగా లాగడం కష్టం. ఎవరైనా "మొత్తం గ్రేడ్ 5" అని గొప్పగా చెప్తే తొందరపడి మురిసిపోకండి. కొన్ని చోట్ల దాన్ని రేకుగా చుట్టి, కుట్టు వేసి గొట్టంగా చేస్తారు. రోడ్డు సైకిలుకు బాగా లాగిన గ్రేడ్ 9 గొట్టం చాలు.

టైటానియం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 4.5 గ్రాములు, స్టీలుది 7.85. బరువు దాదాపు సగం. కానీ వంగకుండా నిలిచే గుణం కూడా స్టీలుతో పోలిస్తే సగమే. అందుకే టైటానియం గొట్టాలు స్టీలు వాటికన్నా లావుగా ఉంటాయి. ఆ లావు ఎంతన్నది మీ బరువును బట్టి తేలాలి. 60 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకే గొట్టాలు ఇచ్చేవాళ్ల దగ్గర "కస్టమ్" అన్న మాటకు అర్థం లేదు.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్తాను. పోటీల్లో పాల్గొనేవాళ్లకు అక్కర్లేదు. అదే డబ్బుకి కార్బన్ ఇంకా తేలికగా, గాలిని ఇంకా బాగా చీల్చేలా వస్తుంది. నాకు పోటీ లేదు, ఉప్పు గాలి ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా నా పాత స్టీలు సైకిలు వరండాలో తడిసింది. పైన రంగు బాగానే ఉంది. ఏడాది తర్వాత సీటు గొట్టం లోపల వేలు పెడితే ఎర్రటి పొడి వచ్చింది. టైటానియం మీద కంటికి కనిపించని ఆక్సైడు పొర దానంతటదే ఏర్పడుతుంది. గీత పడినా వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. ఉప్పు దాన్నేమీ చెయ్యలేదు.

ఒళ్లు కొలుచుకోవడం

అసలు సైకిలు తయారయ్యేది ఇక్కడే. తర్వాత చేసేదంతా ఈ అంకెలకు లోహం తొడగడమే.

చెప్పులు, ప్యాంటు విప్పేసి, సైకిలు నిక్కరుతో గోడకు వీపు ఆనించి నిలబడండి. అట్ట గట్టిగా ఉన్న లావు పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత గట్టిగా పైకి నొక్కండి. పంచాంగం పనికిరాదు, వంగిపోతుంది. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట ఇంకొకరు పెన్సిల్ గీత పెట్టాలి. నేల నుంచి గీత దాకా ఎంతో కొలవండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. ఆ అంకెను 0.883తో హెచ్చిస్తే పెడలు ఇరుసు (పెడళ్లను మోసే కడ్డీలు, అంటే క్రాంకులు, తిరిగే ఇరుసు) నడిబొడ్డు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6. ఇది మొదలు మాత్రమే. అక్కడి నుంచి అర సెంటీమీటరు అటూ ఇటూ మీ మోకాలే చెప్తుంది.

ఇక ఫ్రేము కొలత. "నాకు 54 సైజు" అనడం వల్ల లాభం లేదు. ఒక కంపెనీ 54 ఇంకొక కంపెనీ 52 అవుతుంది. రెండే అంకెలు నమ్మండి. పెడలు ఇరుసు నుంచి హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింద, ఫ్రేము ముందుండే పొట్టి గొట్టం) పైకొస దాకా నిలువు ఎత్తు స్టాక్. ఆ రెంటి మధ్య అడ్డంగా ఉన్న దూరం రీచ్.

ఇప్పుడు తొక్కే సైకిలు మీద ఒంటికి హాయిగా ఉంటే దాని స్టాక్, రీచ్ ఇంట్లోనే కొలవొచ్చు. చదునైన నేల మీద సైకిలును నిటారుగా నిలబెట్టి వెనక చక్రాన్ని గోడకు ఆనించండి. గోడ నుంచి పెడలు ఇరుసు మధ్య దాకా, గోడ నుంచి హెడ్ ట్యూబు పైకొస మధ్య దాకా అడ్డంగా కొలవండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే రీచ్. అలాగే నేల నుంచి రెంటి ఎత్తులూ కొలిచి తీసేస్తే స్టాక్. తాపీమేస్త్రీ దగ్గర దారానికి వేలాడే తూకు గుండు అరువు తెచ్చుకుంటే ఇంకా కచ్చితంగా వస్తుంది. సైకిలు మీద మెడనొప్పి, అరచేతుల తిమ్మిరి ఉంటే మాత్రం ఈ అంకెల్ని నకలు చెయ్యకండి. ఒకసారి భువనేశ్వరో విశాఖో వెళ్లి ఫిట్టింగు చేయించుకోండి. ఆ డబ్బు ఫ్రేము ధరలో చిల్లర.

మన రోడ్లకు తగ్గ అంకెలు

నా ఎత్తు 170 సెంటీమీటర్లు. స్టాక్ 565, రీచ్ 380 మిల్లీమీటర్లు పెట్టించాను. పోటీ సైకిళ్లతో పోలిస్తే హ్యాండిల్ కాస్త ఎత్తు. గంజాం పల్లెల్లో సిమెంటు రోడ్డుకు పలక పలకకూ మధ్య సందు ఉంటుంది. నాలుగు గంటలు వంగి తొక్కితే ఆ సందులన్నీ నడుము లెక్కపెడుతుంది.

హెడ్ ట్యూబు వాలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంపు కలిసి ట్రెయిల్ అనే కొలతను నిర్ణయిస్తాయి. హ్యాండిల్ ఎంత చురుగ్గా తిరుగుతుంది, ఎంత స్థిరంగా నిలుస్తుంది అన్నది చాలావరకు ఇదే చెప్తుంది. లెక్క కష్టం కాదు. చక్రం వ్యాసార్ధాన్ని వాలు కోణం కొసైన్‌తో హెచ్చించి, ఫోర్కు వంపు తీసేసి, కోణం సైన్‌తో భాగించాలి. నాది 72.5 డిగ్రీలు, 47 మిల్లీమీటర్ల వంపు, 30 మిల్లీమీటర్ల టైరుతో వ్యాసార్ధం 341. ట్రెయిల్ 58 వచ్చింది. రోడ్డు సైకిళ్లలో 55 నుంచి 60 మధ్య మామూలు. జాతీయ రహదారి 16 మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే వచ్చే గాలి తోపుకు సైకిలు బెదరకూడదంటే 60 కొసకు దగ్గరగా ఉండటమే మేలు.

టైరుకు చోటు దగ్గర పిసినారితనం వద్దు. కనీసం 32 పట్టేలా, వీలైతే 35 పట్టేలా అడగండి. ఇప్పుడు 28 వేసుకున్నా పరవాలేదు, చోటు ఉంటే ఎప్పుడైనా పెద్దది వేసుకోవచ్చు. ఫ్రేము అయ్యాక చోటు పెంచలేం. మడ్‌గార్డు బిగించే రంధ్రాలు కూడా అడగండి. చూడ్డానికి బాగుండవని చాలామంది వద్దంటారు. జులైలో చిలికా ఒడ్డునున్న రంభ ఊరి దాకా ఒక్కసారి వెళ్లొస్తే మనసు మారుతుంది.

గేర్లు ఎక్కాల్సిన కొండదారిని బట్టి. తప్తపాణి ఎక్కడానికి ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకు సైకిలు సుమారు 2.14 మీటర్లు నడుస్తుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 10 కిలోమీటర్ల పైచిలుకు. అంత నెమ్మదిగా పోయే అవకాశం ఉండటం సిగ్గు కాదు. మహేంద్రగిరి వైపు ఆశ ఉన్నవాళ్లు వెనక 36 పళ్లది చూసుకోండి.

డ్రాయింగు మీద "సరే" అనే ముందు

చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికాలో లైట్‌స్పీడ్, మూట్స్, సెవెన్ లాంటివి పేరున్నవి. ఫ్రేముకే ధర చాలా ఎక్కువ. చైనాలో కొలతకు చేసిచ్చే చోట్ల నేను చేయించినప్పుడు లక్షా లక్షన్నర ప్రాంతంలో దొరికింది. నాది రెండో రకం. పేరు కన్నా, మీ ప్రశ్నకు సూటిగా జవాబిస్తారా అన్నది చూడండి. డ్రాయింగు పంపాక కనీసం రెండు రోజులు దాన్ని గోడకు అంటించి పెట్టండి. నేను మూడో రోజు చూస్తే సీసా బిగించే రంధ్రాలు ఒక గొట్టానికే ఉన్నాయి!

అడగాల్సినవాటిలో ముఖ్యమైనవి ఇవి. పెడలు ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ మరతో బిగించేదే కావాలి, బీఎస్ఏ గానీ టీ47 గానీ. నొక్కి దించే రకం టైటానియంలో కిర్రుమంటుంది, ఆ కిర్రు ఎక్కడినుంచి వస్తోందో వెతకడంలో వారాలు పోతాయి. హెడ్ ట్యూబు 44 మిల్లీమీటర్లది అయితే ఇప్పటి కార్బన్ ఫోర్కులన్నీ దాదాపు కూర్చుంటాయి. సీటు పోస్టు 27.2 అడగండి. సన్నటి పోస్టు కొంచెం వంగుతుంది, ఆ వంగడమే నడుముకు సుఖం. ఇరుసులు ముందు 12×100, వెనక 12×142. గేర్లు మార్చే డెరైలర్ వేలాడే హ్యాంగర్ యూడీహెచ్ రకం పెట్టించండి. స్రామ్ తెచ్చిన ఈ రకాన్ని చాలా కంపెనీలు వాడుతున్నాయి కాబట్టి ముందుముందు దొరుకుతుంది. దానికి ఇరుసు మర 12×1.0 ఉండాలి, 1.5 కాదు. ఈ ఒక్క అంకె తప్పితే కొన్న ఇరుసు వృథా.

బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్‌లోంచి (హ్యాండిల్ తిరగడానికి హెడ్ ట్యూబులో ఉండే బేరింగుల జత) పూర్తిగా లోపలికి పోయే ఫ్యాషన్ వచ్చింది. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. నేను వద్దన్నాను. సముద్రం పక్కన హెడ్‌సెట్ బేరింగులు తొందరగా పోతాయి. అలా దాచిన సైకిల్లో పై బేరింగు మార్చాలంటే బ్రేకు గొట్టాలు విప్పి, ఆయిలు తీసి, మళ్లీ నింపాలి. గొట్టాలు కింది వాలు గొట్టం (డౌన్ ట్యూబు) పక్కనున్న రంధ్రంలోంచి లోపలికి పోతే చాలు.

ఇక వెల్డింగు. టైటానియం వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ అన్నీ పీల్చుకుని పెళుసుబారిపోతుంది. అందుకే టిగ్ వెల్డింగులో బయట ఆర్గాన్ పోయాలి, గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి ఉంచాలి. అతుకు వెండిలా మెరుస్తూ ఉంటే మంచిది. లేత గడ్డి రంగు పరవాలేదు. నీలం, ఊదా కనిపిస్తే అనుమానించాలి. బూడిద రంగో తెల్లటి పొడో కనిపిస్తే ఆ ఫ్రేము వద్దు. పాలిష్ చేశాక ఈ రంగులు కనబడవు. కాబట్టి పాలిష్‌కు ముందే అతుకుల ఫొటోలు పంపమని రాతలో అడగండి. మంచివాళ్లు సంతోషంగా పంపుతారు.

రంగు లేని రంగు

పైభాగం రెండు విధాలుగా ఉంటుంది. బ్రష్ చేసినది సిల్కు చీరలా ఒక దిశలో మెరుస్తుంది. గీత పడితే పచ్చ స్కాచ్‌బ్రైట్‌తో అదే దిశలో రుద్దితే కలిసిపోతుంది. గాజు పూసల్ని గాలితో కొట్టి చేసిన మాసిన రంగు ఇంకా అందం. కానీ చేతి జిడ్డు, గ్రీజు మరకలు పట్టేస్తుంది.

అనోడైజింగు అంటే రంగు పూయడం కాదు. లోహాన్ని సోడా లాంటిది కలిపిన నీటిలో ముంచి కరెంటు పెడితే ఆక్సైడు పొర మందమవుతుంది. ఆ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు కలిసి, మందాన్ని బట్టి, నీటి మీద నూనె తెట్టులా రంగు కనిపిస్తుంది. 15 వోల్టుల దగ్గర కంచు రంగు, 25–30 దగ్గర నీలం, 55–60 దగ్గర బంగారు, ఇంకా పైకి పోతే గులాబీ, ఆకుపచ్చ. అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. ఫ్రేముకు ఇది చేసేవాళ్ల దగ్గరే చేయించండి. ఇంట్లో సరదా తీర్చుకోవాలంటే చిన్న టైటానియం వాషరు మీద, 9 వోల్టుల బ్యాటరీలు రెండు మూడు వరసగా కలిపి, రబ్బరు గ్లవ్స్ వేసుకుని చెయ్యండి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోవద్దు.

నేను ఫ్రేము పై గొట్టం (టాప్ ట్యూబు) మీద బరంపురం పట్టుచీర అంచులో ఉండే గుడి గోపురాల వరస, ఫోడా కుంభ, గీయించాను. కాగితం మీద నేనే గీసి పంపాను. నీలం మీద బంగారు రంగు. అమ్మ మొదటిసారి మెచ్చుకున్నది అదొక్కటే: "ఇదైతే బాగుందిరా, మా పెళ్లి చీర అంచు ఇదే."

పెట్టె వచ్చాక

కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ ముందే లెక్కలో వేసుకోండి. పెట్టెలో ఏముందో, విలువెంతో రసీదులో సరిగ్గా ఉండేలా చూసుకోండి. తగ్గించి రాయించుకుంటే ఇబ్బంది మనకే.

బిగించే ముందు ఫ్రేము సూటిగా ఉందో లేదో దారంతో పరీక్షించండి. ఒక వెనక డ్రాపౌటుకు దారం కట్టి, హెడ్ ట్యూబు ముందునుంచి చుట్టి, రెండో డ్రాపౌటుకు బిగుతుగా కట్టండి. సీటు ట్యూబు దగ్గర రెండు పక్కలా దారానికీ గొట్టానికీ మధ్య సందు కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు లోపుంటే సంతోషం. రెండు దాటితే ఫొటో తీసి చేసినవాళ్లకు పంపండి. బిగించాక ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు. తర్వాత సీటు పోస్టు చేత్తో దింపి చూడండి. గీసుకుంటూ దిగితే లోపల అంచు మిగిలిందన్నమాట.

బిగింపు

మూడు డబ్బాలు దగ్గర పెట్టుకోండి: మామూలు గ్రీజు, రాగి పొడి కలిసిన యాంటీ సీజ్, కార్బన్ పేస్టు. మూతల మీద తెలుగులో పెద్దగా రాసుకోండి. కంగారులో ఒకటి బదులు ఇంకొకటి పూస్తే పనంతా మొదటికొస్తుంది.

టైటానియానికి ఒక దుర్గుణం ఉంది. పొడిగా బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కొరికి పట్టేసుకుంటాయి. ఇది తుప్పు కాదు, లోహం లోహానికి అతుక్కుపోవడం. విప్పబోతే మర చిరిగిపోతుంది. కాబట్టి ఫ్రేములోకి వెళ్లే ప్రతి మరకూ, అల్యూమినియం సీటు పోస్టుకూ యాంటీ సీజ్ తప్పనిసరి. కార్బన్ పోస్టయితే కార్బన్ పేస్టు.

బాటమ్ బ్రాకెట్ కుడి కప్పు ఎడమ మర. అంటే అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. ఇది మర్చిపోయి పానాతో బలవంతం చేసినవాళ్లు ఎంతమందో. ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా పోవాలి. తర్వాతే పానా. బిగింపు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు.

టార్క్ రెంచి కొనండి. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ బోల్టులు సాధారణంగా 5, షిమానో ఎడమ క్రాంకు బోల్టులు రెండూ మార్చి మార్చి 12 నుంచి 14, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) బిగించే బిళ్ల 40, బ్రేకు డిస్కు బిగించే బిళ్ల 40. భాగం మీద వేరే అంకె ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. "చెయ్యి చెప్తుంది" అనే అలవాటు స్టీలు సైకిలుతోనే వదిలేయండి, కార్బన్ హ్యాండిల్‌కు చెయ్యి చెప్పేది పగిలాకే.

హెడ్‌సెట్ కప్పులను సుత్తితో కొట్టొద్దు. పొడవాటి మరకడ్డీ, రెండు లావు వాషర్లు, రెండు నట్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. వాటితో నెమ్మదిగా లాగి కూర్చోబెట్టొచ్చు.

ఫోర్కు గొట్టం కోయడం దగ్గర నా కథ చెప్పాలి. రాత్రి పదకొండు గంటలకు, తెల్లారితే తొక్కేయాలన్న ఆత్రంలో కొలిచాను. స్టెమ్ ఎత్తు కలిపాను, దాని కింద పెట్టే ఉంగరాలు, అంటే స్పేసర్లు, కలిపాను, పై బేరింగు మూత మాత్రం కలపలేదు. కోశాక సరిగ్గా 10 మిల్లీమీటర్లు తక్కువ. ఇప్పటికీ నా స్టెమ్ తలకిందులుగా, కొమ్ములెత్తిన పొట్టేలులా పైకి చూస్తూనే ఉంటుంది. మీరు మాత్రం ముందు కోయకుండానే అంతా బిగించి, స్పేసర్లు ఎక్కువ పెట్టి ఒక నెల తొక్కండి. ఎత్తు కుదిరాక పగటిపూట కోయండి. పైన స్టెమ్ లేదా స్పేసరు అంచు కన్నా గొట్టం 3 మిల్లీమీటర్లు కిందుండాలి. కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు పెట్టుకుని, తడి చేస్తూ, సన్నపళ్ల రంపంతో కోయాలి.

హైడ్రాలిక్ బ్రేకులు మొదటిసారైతే ఆ ఒక్క పనీ తెలిసిన షాపులో చేయించండి. నేనే చేసుకుంటానంటే షిమానోకు మినరల్ ఆయిలే. డాట్ ఆయిలు పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. చైను పొడవుకు సులువైన లెక్క ఒకటుంది. డెరైలర్ గుండా పోనివ్వకుండా ముందూ వెనకా పెద్ద చక్రాల మీద చుట్టి, కొసలు కలిసే చోటు నుంచి రెండు లింకులు అదనంగా ఉంచి తెంపాలి.

నా సైకిలు షిమానో 105 రకం గేర్లతో, పెడళ్లు లేకుండా 8.4 కిలోలు తూగింది. ప్రపంచ పోటీల్లో అనుమతించే కనీస బరువు 6.8. ఆ తేడా నా పొట్ట మీద తీసేయడం చవక.

చూపించడం

సిగ్గుపడకండి, ఇంత చేసింది కొంత దీనికోసమే.

ఫొటోకు కొన్ని పద్ధతులున్నాయి. చైను ఉన్న కుడి పక్కే కెమెరాకు చూపాలి. చైను ముందు పెద్ద చక్రం మీద, వెనక చిన్న పళ్ల మీద ఉండాలి. క్రాంకు చైన్‌స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) వరసలో ఉండాలి. గాలి మూతలు రెండూ కిందివైపు, టైరు మీద పేరు సరిగ్గా మూత దగ్గర. సీసాలు, లైట్లు, సంచీ తీసేయాలి. కెమెరా హబ్బుల ఎత్తులో ఉంచి, కాస్త దూరం నుంచి జూమ్ చెయ్యండి. నిలబడి పైనుంచి తీస్తే చక్రాలు గుడ్డు ఆకారంలో వస్తాయి. బూడిద రంగు మధ్యాహ్నం ఎండలో చచ్చిపోతుంది. గోపాల్‌పూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చిన మొదటి అరగంట, లైట్‌హౌస్ వైపు వీధిలో పాత గోడ పక్కన పెట్టండి. ఇసుకలోకి దింపకండి. ఒక్క ఫొటో కోసం బేరింగులన్నీ ఇసుక తింటాయి. రంభ దగ్గర చిలికా ఒడ్డున మబ్బు పట్టిన రోజైతే గోపురాల అంచు నీలం నీటితో పోటీ పడుతుంది.

మనుషులకు చూపడం వేరే కళ. టీ కొట్టు దగ్గర ఆపగానే ఎవరో ఒకరు ఒడియాలో అడుగుతారు: "కేతే పడిలా?" ఎంత పడిందని. అంకె చెప్పకండి. చెప్పారా, సంభాషణ మోటారుసైకిళ్ల మీదికి పోయి అక్కడే ఆగిపోతుంది. "ముందు ఎత్తి చూడండి" అనండి. ఒక వేలుతో టాప్ ట్యూబు పట్టుకుని ఎత్తిన మనిషి ముఖం చూడాలి! తర్వాత "ఇది మన ఛత్రపూర్ ఇసుకలో ఉండే లోహమే" అంటే ధర మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. మా వీధి చివర సైకిలు షాపు తాత మాత్రం ఎత్తలేదు. గోటితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. తర్వాత స్టెమ్ వైపు చూసి, "ఇది తిరగేసి బిగించావు బాబూ" అన్నాడు.

ఉప్పు గాలిలో

ఫ్రేముకు ఏమీ కాదు. చుట్టూ ఉన్నవన్నీ తుప్పు పడతాయి. సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజు మంచినీళ్లతో మెల్లగా కడిగి తుడవండి. ప్రెషర్ పంపు వాడొద్దు. చైను తుడిచి ఆరాక చుక్క చుక్క నూనె. స్టీలు బోల్టుల తలల్లో నీళ్లు నిలిస్తే గుడ్డ కొసతో తీసేయండి. నాలుగు నెలలకోసారి సీటు పోస్టు బయటికి తీసి తుడిచి మళ్లీ పూయండి. అల్యూమినియం, టైటానియం కలిసిన చోట ఉప్పు తడి చేరితే తినేసేది అల్యూమినియాన్నే. తెల్లటి పొడి కట్టి పోస్టు బిగుసుకుపోతుంది. హెడ్‌సెట్ కింది బేరింగు వానాకాలం ముగిశాక తప్పకుండా విప్పి చూడండి.

కడిగినప్పుడల్లా అతుకుల చుట్టూ వేలు పెట్టి చూడండి, ముఖ్యంగా బాటమ్ బ్రాకెట్, సీటు ట్యూబు పైకొస దగ్గర. తుడిచాక కూడా వెంట్రుకంత నల్లగీత మళ్లీ కనిపిస్తే తొక్కడం ఆపండి. మన సందులో గ్యాస్ వెల్డింగు కుర్రాడు ఎంత పనిమంతుడైనా అతని చేతికి ఇవ్వొద్దు. లోపల ఆర్గాన్ లేకుండా పెట్టిన అతుకు పెళుసైపోతుంది. ఫొటో తీసి చేసినవాళ్లకే పంపాలి.

ఇంకొక్కటి. ఆర్డరు పెట్టేటప్పుడే డెరైలర్ హ్యాంగర్లు రెండు అదనంగా తెప్పించుకుని, ఒకటి సీటు కింద సంచిలో, ఒకటి ఇంట్లో ఉంచండి. సైకిలు కుడివైపు ఒరిగి పడితే ముందు వంగేది అదే. తప్తపాణి దారిలో అది విరిగితే బరంపురం దాకా బస్సు పైకప్పు మీద ప్రయాణం చేయాల్సింది లక్షన్నర ఫ్రేమే.